పాత తెప్పకు సరంజామా

బాపట్ల, చీరాల తీరములలో నివసించే కుటుంబములకు తెప్ప అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అయితే కాలువల వెంబడి గ్రామములలోను, మెట్ట ప్రాంతములలోను ఈ పత్రిక చదివే సహోదరీ సహోదరులలో చాలామంది దానిని దగ్గరగా చూచి ఉండరు. తెప్పకు అడుగు లేదు, పక్క గోడలు లేవు, లోపల అనే చోటే లేదు. నాలుగైదు మెత్తని దుంగలను చెక్కి పక్కపక్కన పెట్టి, రెండు కొనల దగ్గర అడ్డకొయ్యలు వేసి, తాడుతో బిగించి కట్టినదే తెప్ప. అల వచ్చి మీద పడితే ఆ నీరు దుంగల సందులలో నుండి కిందకు దిగిపోతుంది. నీరు నిలిచే చోటు లేదు గనుక నీరు నిండి మునిగే భయము లేదు. రేవు లేని ఊళ్ళలో, ఇసుక ఒడ్డున అలలు విరిగే చోట, ఇంతకంటె తగిన సాధనము మన పెద్దలకు దొరకలేదు.

తమిళులు దీనిని కట్టుమరం అంటారు. కట్టిన మాను అని దాని అర్థము. విలియం డాంపియర్ అనే ఆంగ్ల నావికుడు 1697లో అచ్చయిన తన ప్రయాణ గ్రంథములో మన కోరమండల్ తీరపు తెప్పల సంగతి వ్రాస్తూ ఆ మాటను వాడాడు. తరువాతి కాలములో రెండు సన్నని పడవలను పక్కపక్కన జోడించి కట్టే పడవలకు కూడా అదే పేరు అంటుకున్నది. 1876లో న్యూయార్కు నగరమున జరిగిన తెరచాప పడవల పందెములో నతానియేలు హెరెషాఫ్ అనే అమెరికా దేశస్థుడు అటువంటి జోడు పడవను నడిపి, మిగిలిన పడవలను వెనుకకు వేశాడు. ఓడినవారు అభ్యంతరము చెప్పగా దానిని పందెము నుండి తొలగించారు. నేడు లోకమంతట కటమరాన్ అని పిలిచే పడవల ఆకారము పసిఫిక్ దీవుల వారిది, పేరు మాత్రము మన తీరపుది. కృష్ణానది మీద లారీలను దాటించే బల్లకట్టు కూడా రెండు పడవల మీద బల్లలు పరచి కట్టినదే గదా! కట్టు అనే మాట ఈ మూడింటిలోను ఉన్నది. మేము చెప్పబోయే సంగతి కూడా ఆ కట్టును గురించినదే.

మా సంఘమునకు చెందిన సముద్రపు ఒడ్డు పల్లెలో ఒక పెద్దయ్య ఉన్నాడు. వయస్సు 70 దాటినది. పల్లెలో ఇప్పుడు అన్నియు ఫైబరు తెప్పలు, వాటికి ఇంజన్లు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి ఆంధ్ర తీరమున 100 మందికి పైగా మరణించిన తరువాత, సహాయముగా వచ్చిన వాటిలో ఫైబరు పడవలే ఎక్కువ. అవి బరువు తక్కువ, ఎండబెట్టే పని లేదు. అందువలన కొయ్య తెప్పలు ఒక్కొక్కటిగా పొయ్యిలోనికి పోయాయి. పెద్దయ్య మాత్రము తన తండ్రి నాటి నుండి దుంగ మార్చుకుంటూ, తాడు మార్చుకుంటూ వచ్చిన తెరచాప తెప్పను ఉంచుకున్నాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినప్పుడు, ఒడ్డున కట్టివేసి ఉన్న ఆ తెప్ప మీద సరుగుడు చెట్టు కూలినది. పక్క దుంగ చీలిపోయినది, తెరచాప గెడ విరిగినది. అప్పటి నుండి పెద్దయ్య ఇతరుల ఫైబరు తెప్ప మీద కూలికి వెళ్ళసాగాడు. ఆ వయస్సులో ఒకరి కింద వల లాగే పని ఎంత కష్టమో ఆ పల్లెవారికి తెలుసు.

"కొత్త ఫైబరుది కొనుక్కొనరాదా పెద్దయ్యా?" అని మేము అడిగాము. దానికి అతడు చెప్పిన జవాబు మమ్మును ఆలోచింపజేసినది. తూర్పు తీరమున ప్రతి యేడు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధము. చేపలు గుడ్లు పెట్టే కాలము గనుక ప్రభుత్వము ఈ నియమము పెట్టినది. అయితే ఆ నిషేధము మరపడవలకు, ఇంజను బిగించిన పడవలకు మాత్రమే. గాలితోను తెడ్డుతోను నడిచే సంప్రదాయపు తెప్పలకు మినహాయింపు ఉన్నది. "అయ్యగారూ, నాకు డీజిలు ఖర్చు లేదు. అందరి తెప్పలు ఒడ్డున ఉన్న రెండు నెలలు నా తెప్ప నీళ్ళమీద ఉంటది. పూటకి గంపెడు చేపలు చాలు, ముసలిదానికీ నాకూ. నాకు కావలసింది కొత్త తెప్ప కాదు, ఈ తెప్పకు సామాను" అన్నాడు.

ఆ సామాను కొరకు 2024 అక్టోబరులో పెద్దయ్యను, సంఘ పెద్ద ఒకాయనను వెంటబెట్టుకొని మేము చేసిన ప్రయాణమే ఈ వ్యాసము.

బయలుదేరక ముందు పెద్దయ్య ఇసుకలో కూర్చుండి వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. పక్క దుంగ ఒకటి. తెరచాపకు గెడలు రెండు, ఒకటి నిలువుది, ఒకటి చాప పైఅంచుకు కట్టే వాసము. తెరచాప గుడ్డ. చాపను పైకి లాగే తాడు జారడానికి ఒక గిలక. దుంగలు కట్టడానికి కొబ్బరి పీచు తాడు. కొయ్యకు పురుగు పట్టకుండ పూయడానికి జీడినూనె. మొత్తము ఆరు వస్తువులు. వీటిలో ఒక్కటైనను తెప్ప సామాను అని బోర్డు పెట్టిన దుకాణములో దొరికేది కాదు. అటువంటి దుకాణము మన తీరమున మేము ఎరిగినంతలో లేదు.

మొదటి రెండు వస్తువులు దగ్గరలోనే దొరికాయి. ఇసుక నేలలలో సరుగుడు తోటలు విస్తారముగా ఉన్నాయి. కాగితపు మిల్లులకు, పందిళ్ళకు, ఇండ్లు కట్టేచోట పరంజాలకు ఆ కలప పోతుంది. పెద్దయ్య తోటలో గంటసేపు తిరిగాడు. లావుగా ఉన్నవాటిని తాకనే లేదు. మొదలు నుండి చివరకు క్రమముగా సన్నబడుచు, వంకర లేకుండ, వంచితే విల్లు వలె వంగి మరల నిలబడే రెండింటిని ఎన్నుకున్నాడు. గాలి ఎక్కువైనప్పుడు గెడ వంగవలెనట. వంగని గెడ విరుగును, లేదా తెప్పను తలకిందులు చేయును. జీడినూనె వేటపాలెములో దొరికినది. అక్కడ జీడిపప్పు పరిశ్రమ ఉన్నదని మీరెరుగుదురు. పప్పు తీసిన తరువాత పెంకులో మిగిలే నల్లని నూనె అది. చేతికి తగిలితే చర్మము కాలినట్లు పొక్కును గనుక, పూసేవారు చేతులకు గుడ్డ చుట్టుకొనవలెను. మనిషి చర్మమునే కాల్చే ఆ నూనె దగ్గరకు కొయ్యను తొలిచే పురుగు త్వరగా రాదు.

మిగిలిన వాటి కొరకు బాపట్లలో రైలెక్కి విజయవాడకు వెళ్ళాము. నిడుబ్రోలు, తెనాలి, దుగ్గిరాల మీదుగా ఆ దారి అంతయు వరి చేలు, కాలువలు. సీతానగరము దగ్గర కృష్ణ నుండి బయలుదేరే పశ్చిమ కాలువ నీరు కొమ్మమూరు కాలువగా సాగి పెదగంజాము వరకు వచ్చి, అక్కడ బకింగ్‌హాం కాలువను కలుసుకుంటుంది. లారీలు రాక మునుపు బియ్యము, ఉప్పు, కలప ఆ నీటి మీదనే మద్రాసు వరకు పోయేవి. గాలి ఉంటే తెరచాప, గాలి లేకపోతే గట్టు మీద నడుస్తూ మనుష్యులు తాడుతో లాగేవారు. మాతో వచ్చిన సంఘ పెద్ద కాలువ మీద లస్కరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు. ఆ లాకుల పేర్లు వరుసగా చెప్పుకుంటూ వచ్చాడు. 2008లో ఈ కాలువలను 4వ నంబరు జాతీయ జలమార్గముగా ప్రకటించారు గాని, మేము రైలు కిటికీలో నుండి చూచినంత మేర సరుకు పడవ ఒక్కటియు కనబడలేదు.

కృష్ణ మీద రైలు వంతెన దాటుచుండగా ప్రకాశం బ్యారేజి కనబడినది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానమున 1957 నాటికి 70 గేట్లతో కట్టినది ఈ బ్యారేజి. మేము వెళ్ళినది పెద్ద వరద తగ్గిన కొలది వారములకే. 2024 సెప్టెంబరు మొదటి వారములో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దాని గుండా పోయినది. ఎగువన కట్టి ఉన్న పెద్ద పడవలు తెంచుకొని వచ్చి గేట్ల దగ్గర తగిలి, కాంక్రీటు దిమ్మెలను విరుగగొట్టాయి. ఆ పడవలను బయటికి తీయడానికి రోజుల తరబడి శ్రమపడవలసి వచ్చినది. పెద్దయ్య కిటికీ చువ్వలు పట్టుకొని చూచి, "పడవ తప్పు కాదయ్యగారూ, కట్టు తప్పు" అన్నాడు. అతడు చెప్పినది మాకు ఆ దినమంతయు గుర్తున్నది.

పెద్దయ్య మనుమడు ఆటోనగర్‌లో ఒక లేతు షాపులో పని నేర్చుకుంటున్నాడు. వయస్సు 22 సంవత్సరములు. ఆటోనగర్ 1960వ దశకములో లారీల పనివారి కొరకు ఏర్పడినది. అక్కడ లారీ బాడీ కట్టేవారు, స్ప్రింగుకట్టలు వంచేవారు, బోల్టు పోసేవారు, వెల్డింగు వేసేవారు, సీటు కుట్టేవారు వేర్వేరు వీధులలో ఉంటారు. ఒక లారీకి కావలసినది ఏదైనను సాయంత్రములోగా అక్కడ దొరుకునని చెప్పుకుంటారు. మనుమడు తాత కొరకు ముందే ఒక ఉపాయము ఆలోచించి పెట్టాడు. నాలుగు దుంగలకు అడ్డముగా రంధ్రములు వేసి, తుప్పుపట్టని స్టీలు బోల్టులు నాలుగు దూర్చి, అటు ఇటు నట్టులు బిగించితే ఇక ఏటేటా తాళ్ళతో పని ఉండదని అతని మాట. అతని మేస్త్రీ కూడా కొలతలు అడిగి, సుద్దముక్కతో నేలమీద బొమ్మ గీశాడు.

పెద్దయ్య ఆ బొమ్మను చాలాసేపు చూచాడు. తరువాత మేస్త్రీని ఇట్లు అడిగాడు: "బాబూ, దుంగ పొద్దున ఒక లావు, సాయంత్రం ఒక లావు ఉంటది. నీ బోల్టు దాంతో పాటు లావెక్కుద్దా?"

మెత్తని కొయ్య సముద్రములో నానినప్పుడు ఉబ్బును, ఒడ్డున ఎండినప్పుడు తగ్గును. బోల్టు బిగువు మారదు గనుక, ఉబ్బిన దుంగ నట్టు దగ్గర నలిగిపోవును, ఎండిన దుంగ వదులగును. రంధ్రములో ఉప్పునీరు నిలిచి కొయ్య లోపల నుండి కుళ్ళును. అంతేకాక, అల మీద తెప్ప కొంచెము మెలికపడవలెను. ఒక్కొక్క దుంగ తన పక్క దుంగకు కొద్దిగా దారి ఇచ్చును. ఆ కదలికయే దానిని విరగకుండ కాపాడును. వేట ముగిసి ఒడ్డుకు వచ్చిన తరువాత కట్లు విప్పి, దుంగలను విడివిడిగా ఎండబెట్టవలెను. లేకపోతే నీరు పీల్చి బరువెక్కి, మోయలేనిదగును. మేస్త్రీ ఇదంతయు విని, సుద్దబొమ్మను కాలితో చెరిపివేసి, "ఇది మా పని కాదు తాతా, మీదే" అని నవ్వాడు. మనుమడు మాత్రము ఏమియు అనలేదు.

పెద్దయ్యది చదువు లేనివాని చాదస్తము అని ఎవరైనను తలంచుదురేమో. జేమ్స్ వారం అనే ఆంగ్లేయుడు 1955-56లో తన చేతితో కట్టుకున్న 7 మీటర్ల జోడు పడవలో అట్లాంటిక్ మహాసముద్రము దాటాడు. ఆయన తరువాత గీసి ఇచ్చిన పడవలలో రెండు పడవలను కలిపే దూలములను బోల్టులతో గాక తాళ్ళతోనే కట్టించేవాడు. సముద్రము మీద కదలిక కొంత ఉండనివ్వాలి అనేది ఆయన పద్ధతి. మన తీరపు బెస్తలు పుస్తకము లేకుండ చేయుచు వచ్చినది కూడా అదే.

ఆటోనగర్ మాకు వట్టి చేతులతో పంపలేదు. తెరచాప గుడ్డ కొరకు ముందు వన్‌టౌన్‌లోని వస్త్రలతకు వెళ్ళాము. అది చీరలకు, దుస్తుల గుడ్డలకు పేరుపడిన హోలుసేలు బజారు. ముతక కాన్వాసు అడుగగా, లారీ పట్టలు కుట్టేవారి దగ్గరకు వెళ్ళమని సలహా చెప్పారు. మరల ఆటోనగర్ వచ్చి ఆ దుకాణము పట్టుకున్నాము. మన రైతులు బరకము అనే ప్లాస్టిక్ పట్ట చవక. పెద్దయ్య దానిని చేతితో నలిపి చూచి, గాలికి గలగల కొట్టుకొని అంచులు చీలునని పక్కన పెట్టాడు. దళసరి నూలు కాన్వాసు కొన్నాము. కుట్టే ఆయన లారీ పట్టలను సమముగా కుట్టడమే అలవాటైనవాడు. తెరచాప సమముగా ఉండరాదు, గాలిని పట్టుకొనుటకు మధ్యలో కొంచెము బొజ్జ ఉండవలెను. పెద్దయ్య తన పై కండువా నాలుగు కొనలు మా చేతికిచ్చి, మధ్యలో పిడికిలి పెట్టి చూపించాడు. ఆ దర్జీ వెంటనే గ్రహించి, గుడ్డ ముక్కల అంచులను కొంచెము వంపుగా కత్తిరించి, రెండు వరుసల కుట్టు వేశాడు. తాడు దూర్చే ఇత్తడి రింగులు అంచుల వెంబడి కొట్టాడు. లారీ సరుకు తడవకుండ కాపాడే రింగులే అవి.

కొబ్బరి పీచు తాడు వన్‌టౌన్ తాళ్ళ దుకాణములో దొరికినది. దుకాణదారుడు ముందు నైలాను తాడు చూపించాడు. గట్టిది, కుళ్ళదు, చూపునకు కూడా బాగున్నది. పెద్దయ్య దానికి ఒక ముడి వేసి, చేతితో కదిలించి, జారిన ముడిని మాకు చూపించాడు. పీచు తాడు నీటికి ఉబ్బి బిగుసుకొనును, గరుకు గనుక ముడి జారదు. ఉప్పునీటికి పీచు త్వరగా చెడదు. రెండు చుట్టల తాడు తీసుకున్నాము.

ఇక మిగిలినవి గిలక, దుంగ. ఇనుప దుకాణములలో బావి గిలకలు చూపించారు. ఇనుము ఉప్పుగాలికి తుప్పుపట్టి తిరుగక, తాడును కోయును. కొయ్య గిలక కావలెను. అప్పుడు సంఘ పెద్దకు ఒక మాట తోచినది. "గిలక కావాలంటే గిలకలదిండి పోదాం" అన్నాడు. ముందు అందరము నవ్వాము. తరువాత ఆలోచించగా అది మంచి మాటయే. గిలకలదిండి బందరు దగ్గరి చేపల రేవు. మరునాడు ఉదయమున బందరు రోడ్డున సుమారు 70 కిలోమీటర్లు బస్సులో వెళ్ళాము.

బందరు, అనగా మచిలీపట్నము, ఒకప్పుడు తెరచాప ఓడల పట్టణము. ఆంగ్లేయులు 1611లో అక్కడ వర్తకశాల పెట్టారు. 1864 నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించారని చరిత్ర చెప్పుచున్నది. నేడు గిలకలదిండి రేవున ఉన్నవన్నియు మరపడవలు. అక్కడి దుకాణములలో ఇంజను సామాను, పంకాలు, నైలాను వలలు, మంచు పెట్టెలు ఉన్నాయి. తెరచాప అనే మాట విని ఒక కుర్రవాడు, "సినిమాకా అండీ?" అని అడిగాడు. అతనిది పరిహాసము కాదు, నిజముగానే అనుకున్నాడు.

ఆ కుర్రవాడే మమ్మును ఒక వృద్ధుడైన పడవల వడ్రంగి ఇంటికి తీసుకొనిపోయాడు. ఆయన పూర్వము నావలు కట్టినవాడు. నావ అనేది తెప్ప వంటిది కాదు, పలకలతో కట్టే పెద్ద పడవ. పలకల సందులలో నూలు దూది కూరి, నూనెతో మరిగించిన గుగ్గిలము పూసి నీరు రాకుండ చేసేవారట. ఆయన పెరటిలో కోళ్ళగూటి మీద ఒక పాత కొయ్య గిలక ఉన్నది. నడుమ చక్రము అరిగినది గాని పగుల లేదు. ఖరీదు అడుగగా ఆయన తల ఆడించి, "నావ పోయింది, గిలక మిగిలింది. మీ తెప్ప మీద తిరిగితే నాకదే పదివేలు" అన్నాడు. తరువాత ఇద్దరు వృద్ధులు అరుగు మీద కూర్చుండి బాడిస పట్టే తీరును గురించి, ఏ కొయ్య ఏ కాలమున నరకవలెనో దానిని గురించి మాట్లాడుకున్నారు. మా బస్సు ఒకటి పోయినది. మేము వారిని తొందరపెట్టలేదు.

తిరుగు ప్రయాణము 216వ నంబరు జాతీయ రహదారి మీద, చల్లపల్లి, మోపిదేవి మీదుగా. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటితే అవతల పెనుమూడి, ఆ తరువాత రేపల్లె. ఎడమ ప్రక్క ఉన్నది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో అక్కడ వేలమంది కొట్టుకొనిపోయారు. వంతెన మీద పెద్దయ్య తన యౌవనపు సంగతి చెప్పాడు. ఆ ఉప్పెనకు మా పల్లెలో తెప్పలన్నియు విడిపోయి, దుంగలు ఒడ్డు పొడుగున చెదిరిపోయినవట. నీళ్ళు తగ్గిన తరువాత ఎవరి దుంగను వారు బాడిస దెబ్బల గుర్తును బట్టి ఏరుకున్నారట. "దుంగ దొరికితే తెప్ప దొరికినట్టే అయ్యగారూ. తాడు కొత్తది వేసుకుంటే లేచి నిలబడుద్ది" అన్నాడు. పగిలిన ఫైబరు పడవను అట్లు ఏరుకొని కట్టుకొనలేము గదా అని మాకు తోచినది.

కలప అడితీలలో దొరికేది టేకు వంటి గట్టి కలప. అది తెప్పకు పనికిరాదు. తేలికైన కొయ్య కావలెను. పూర్వము అడవి నుండి తెచ్చేవారు. ఇప్పుడు మన రైతులు మలబారు వేపను గట్ల మీద, తోటలుగా కూడా వేస్తున్నారు. ప్లైవుడ్ మిల్లుల వారు దానిని కొనుచున్నారు. తెప్పలకు కూడా పూర్వము నుండి వాడే కొయ్యలలో అది ఒకటి. రేపల్లె దాటిన తరువాత ఒక రైతు తోట దగ్గర దిగి అడిగాము. నరికి పేర్చిన మానులు ఉన్నాయి. పెద్దయ్య ఒక్కొక్క దానిని పిడికిలితో తట్టి విన్నాడు. రెండింటి చివర నుండి బెత్తెడు ముక్క కోయించి, పక్కన పంట కాలువలో వేశాడు. ఒకటి సగము మునిగి తేలినది. ఒకటి దాదాపు నీటి మీదనే కూర్చున్నది. ఆ రెండవ మానునే తీసుకున్నాము. మిల్లువారు తూకమునకు ఇచ్చే ధరకే ఆ రైతు ఇచ్చాడు. తన ట్రాక్టరు ట్రక్కు మీద మా పల్లెకు చేర్పించాడు.

ఇట్లు ఆరు వస్తువులు సమకూడాయి. లెక్క చూచుకుంటే, ఒకటి పరంజాల వారి కర్ర, ఒకటి జీడిపప్పు వారి పెంకు నూనె, ఒకటి లారీవారి గుడ్డ, ఒకటి వన్‌టౌన్ బజారు తాడు, ఒకటి పోయిన నావ గిలక, ఒకటి ప్లైవుడ్ మిల్లుకు పోవలసిన మాను. తెప్ప కొరకు చేసినది వీటిలో గిలక ఒక్కటైనను కాదు, అది కూడా నావకు చేసినదే. పేదవాని పడవ ఎప్పుడును ఇట్లే కట్టబడినదేమో. 1986 జనవరిలో గలిలయ సముద్రములో నీరు తగ్గినప్పుడు, గినోసార్ అనే ఊరి దగ్గర బురదలో ఇద్దరు అన్నదమ్ములకు ఒక పాత చేపల పడవ కనబడినది. మన ప్రభువు భూమి మీద సంచరించిన కాలపు పడవ అది. పొడవు 8 మీటర్లకు పైగా ఉన్నది. పండితులు పరిశీలించగా, దానిలో పది రకములకు తక్కువ కాకుండ కలప ఉన్నదనియు, వేరే పడవల నుండి తీసిన పలకలు కూడా వేసి పలుమార్లు మరమ్మతు చేశారనియు తేలినది. శిష్యులు బాగుచేసుకున్నది వలలు మాత్రమే కాదని ఆ పడవను చూస్తే తెలియుచున్నది.

మాను పై బెరడు తీసి, నీడలో నాలుగు నెలలు ఆరబెట్టారు. ఫిబ్రవరిలో పెద్దయ్య బాడిస పట్టాడు. తెరచాపను తుమ్మ బెరడు కషాయములో మూడుసార్లు ముంచి ఎండబెట్టగా అది ఎర్రమట్టి రంగునకు తిరిగినది. ఆ పొగరు గుడ్డను త్వరగా చివికిపోనివ్వదు. దుంగకు జీడినూనె పూసి మరికొన్ని దినములు ఆరనిచ్చారు. మార్చి నెలాఖరులో మనుమడు సెలవు పెట్టి వచ్చాడు. అప్పుడు మిగిలినది కట్టు.

అన్ని వస్తువులు ఇసుకలో ఉన్నాయి. డబ్బుతో తేగలిగినది ఇక లేదు. పెద్దయ్య చేతులు వణుకుచున్నాయి. ముడి ఎట్లు వేయవలెనో అతని తలకు తెలియును గాని, తాడును చివరి బిగువు వరకు లాగే బలము ఆ చేతులలో లేదు. ఆ బలము మనుమనికి ఉన్నది గాని ముడి తెలియదు. పల్లెలో ఆ కట్టు తెలిసినవారు పెద్దయ్య కాక మరి ఇద్దరు, వారును వృద్ధులే. మేము ఆరు వస్తువుల కొరకు మూడు జిల్లాలు తిరిగాము. లెక్కలో చేరని ఏడవ వస్తువు ఇదేనని అప్పుడు మాకు తెలిసినది.

పెద్దయ్య మనుమని పక్కన కూర్చుండి చెప్పసాగాడు. దుంగకు పాదము తన్నిపట్టు. తాడును అడ్డకొయ్య కింద నుండి తీసి, దుంగ మీదుగా తిప్పి, తన మీద తానే పడేట్టు వెయ్యి. కర్ర దూర్చి మెలిపెట్టు. ఇప్పుడు తడుపు. కుర్రవాడు మొదటి కట్టు వేశాడు. పెద్దయ్య దానిని వ్రేలితో కదిలించి విప్పివేశాడు. రెండవది విప్పివేశాడు. మూడవది కూడా విప్పివేశాడు. కుర్రవాని అరచేతులు పీచు గరుకుకు ఎర్రబడ్డాయి. లేతు దగ్గర వెంట్రుకవాసి కొలతతో పనిచేసే పిల్లవాడు గనుక అతనికి కోపము రాలేదు, పట్టుదల వచ్చినది. నాలుగవ కట్టును పెద్దయ్య అటు ఇటు కదిలించాడు, కాలితో తన్నాడు, ఏమియు అనకుండ రెండవ అడ్డకొయ్య దగ్గరకు జరిగి కూర్చున్నాడు. ఆ కట్టు ఉండిపోయినది.

2025 ఏప్రిల్ 15న పల్లెలోని ఇంజను తెప్పలన్నియు ఒడ్డుకు చేరాయి. ఆ వారములోనే తెల్లవారుజామున ఎర్రని తెరచాప ఒకటి అలలు దాటి వెళ్ళినది. తాత చుక్కాని తెడ్డు దగ్గర, మనుమడు చాప తాడు దగ్గర. ఇద్దరికి లైఫ్ జాకెట్లు సంఘస్థులు కొనిపెట్టారు. పది గంటలకు వారు తిరిగి వచ్చేవరకు పెద్దమ్మ ఒడ్డునే నిలబడినది. ఒక గంప కవళ్ళు, కొన్ని కానాగడతలు దొరికాయి. కట్లు ఒక్కటియు వదలలేదు. ఆ సాయంత్రము కట్లు విప్పి దుంగలు ఎండబెట్టారు. మరునాడు మనుమడు మరల కట్టాడు, ఈసారి తాత దూరముగా కూర్చుండి చూచాడు. సెలవు ముగిసి ఆ కుర్రవాడు ఆటోనగర్ వెళ్ళిపోయాడు. అయితే నెలకొకసారి వచ్చి వెళ్ళుచున్నాడు. వచ్చేటప్పుడు పల్లెలోని మరో ఇద్దరు పిల్లలను కూడా తాత దగ్గర కూర్చుండబెట్టుచున్నాడు.

ప్రియ చదువరులారా, మీది సముద్రపు ఒడ్డు కాకపోవచ్చును. అయితే మీ ఇంటిలోనో పొరుగునో ఇటువంటి ఏడవ వస్తువు చేతిలో ఉన్న పెద్దలు ఉండి ఉంటారు. మగ్గము మీద తెగిన పోగు అతకడము, గడ్డివాము వాన దిగకుండ వేయడము, కాలువ గండిని పూడ్చడము వంటివి వారికి తెలిసి ఉంటాయి. వారు వాటిని విద్య అని కూడా పిలువరు. సామాను ఎప్పుడైనను వెదికి తెచ్చుకొనగలము. ఈ వేసవి సెలవులలో మీ పిల్లలను ఒక దినము వారి దగ్గర కూర్చుండబెట్టండి. మూడుసార్లు విప్పించుకొనే ఓపిక పిల్లలకు, నాలుగవసారి వరకు చూచే ఓపిక పెద్దలకు ఉంటే చాలును.